వేషం మారినా పేరు మారని విమానం

మేకప్ అనగానే మనకు హీరో హీరోయిన్లే గుర్తొస్తారు. గంటలకొద్దీ అద్దం ముందు కూచుంటే గానీ కృష్ణుడు కృష్ణుడు కాడు, రావణుడు రావణుడు కాడు. అది మనకు తెలిసిందే. కానీ యుద్ధ విమానాలకు కూడా మేకప్ ఉంటుందనీ, ఆ మేకప్ కోసం పాత ఫొటోలు ముందేసుకుని ఏళ్ళ తరబడి కుస్తీపట్టే మనుషులున్నారనీ, తోక మీద ఒక్క అంకె తప్పుపడితే వాళ్ళకు నిద్రపట్టదనీ మీకు తెలుసా?

తెలీకపోతే ఈ కథ చదవాల్సిందే. ఇందులో ఓ విమానం ఉంది. వయసు నూరేళ్ళు దాటింది. ఇంగ్లండులో పుట్టింది. ఫ్రాన్సు నుంచి యుద్ధానికెళ్ళింది. జర్మనీలో ఖైదీ అయింది. పోలండులో అజ్ఞాతవాసం చేసింది. చివరికి ఓ సినిమా విమానాన్ని బదులిచ్చి దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు! ఇన్ని మలుపులున్న కథలో మన తెలుగునాడు ప్రసక్తి ఎక్కడంటారా? ఆ విమానం ఒంటిమీద రాసివున్న ఊరిపేరు హైదరాబాదు!

శశిరేఖ చీర ఏ రంగు?

ముందు మనకు బాగా తెలిసిన సినిమాతో మొదలుపెడదాం. 'మాయాబజార్' దర్శకుడు కె.వి. రెడ్డిగారు అనంతపురం జిల్లా తాడిపత్రిలో పుట్టినవారు. 1957లో వచ్చిన ఆ నలుపు తెలుపు చిత్రానికి హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులద్ది 2010 జనవరిలో విడుదల చేసింది. కొత్తతరం కూడా థియేటర్లకు వెళ్ళి చూసింది. బాగానే ఉంది. కానీ ఒక్క ప్రశ్న. శశిరేఖ కట్టిన చీర షూటింగ్ రోజున నిజంగా ఆ రంగేనా?

నెగెటివ్‌ని అడిగితే అది చెప్పదు. అందులో ఉన్నది వెలుగూ నీడా మాత్రమే. ఒక రకం ఎరుపూ, ఒక రకం ఆకుపచ్చా నలుపు తెలుపు ఫిల్ములో ఒకే బూడిదరంగుగా పడొచ్చు. రంగులు వేసేవాళ్ళు ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి. సినిమాకి దాంతో పెద్ద నష్టం లేదు. శశిరేఖ కవి కల్పన, చీర ఏ రంగైనా ఆవిడ అందం తగ్గదు.

విమానం సంగతి అలా కాదు. అది కల్పన కాదు. దాన్ని నడిపిన మనిషి ఉన్నాడు, అందులో కాలిపోయిన మనిషీ ఉన్నాడు. ఆ మనిషి మనవడో మనవరాలో మ్యూజియానికొచ్చి తోక మీద నంబరు వెతుక్కుంటారు. ఆ నంబరు తప్పైతే వాళ్ళ తాతను మరో మనిషిగా మార్చేసినట్టే! అందుకే పాత యుద్ధ విమానాల్ని బాగుచేసేవాళ్ళు ఇంజను కోసం ఎంత కష్టపడతారో, పైన రాతల కోసం అంతకు తక్కువ కష్టపడరు.

నిజాంగారి విమానాలు

1918. మొదటి ప్రపంచయుద్ధం ఆఖరి అంకంలో ఉంది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ బ్రిటిష్ వైమానిక దళానికి ఒక స్క్వాడ్రన్‌కి సరిపడా విమానాలు కానుకగా ఇచ్చాడు. వాటిపేరు డి.హెచ్. 9ఎ. ఇద్దరు కూచునే బాంబరు విమానం. ముందు పైలెట్, వెనక తుపాకీ పట్టుకుని పరిశీలకుడు. చెక్క చట్రం, దానిమీద బిగించిన నారబట్ట, ముక్కు దగ్గర 400 గుర్రాల బలమున్న అమెరికన్ లిబర్టీ ఇంజను. అంతే! ఇప్పుడు చూస్తే గాలిపటానికి ఇంజను కట్టినట్టుంటుంది. అప్పట్లో మాత్రం అదే సరికొత్త మోడల్.

ఆ విమానాలతో తయారైనది 110వ స్క్వాడ్రన్. డి.హెచ్. 9ఎ విమానాన్ని యుద్ధంలోకి మొట్టమొదట దింపింది వాళ్ళే. హైదరాబాద్ స్క్వాడ్రన్ అని దానికి పేరొచ్చింది. ఒక్కో విమానం పక్కన 'హైదరాబాదు నిజాం బహూకరించినది' అని ఇంగ్లీషులో రాసి, హైదరాబాద్ నంబర్ ఫలానా అని వరస సంఖ్య వేశారు. మన పెళ్ళిళ్ళలో స్టీలు బిందెమీద ఇచ్చినవాళ్ళ పేరు చెక్కించినట్టన్నమాట!

మన కథానాయిక అసలు నంబరు ఎఫ్ 1010. పక్కన రాసిన కానుక పేరు 'హైదరాబాద్ నంబర్ 12ఎ'. ఇంగ్లండులోని యోవిల్ పట్నంలో వెస్ట్‌లాండ్ కంపెనీ తయారుచేసింది. ఆ సెప్టెంబరులో స్క్వాడ్రన్‌తోపాటు ఫ్రాన్సు నుంచి జర్మనీ మీద దాడులకు దిగింది. నెల తిరిగిందో లేదో, అక్టోబరు 5న వెళ్ళిన దాడి నుంచి తిరిగి రాలేదు. పైలెట్ కెప్టెన్ ఇంగ్లిస్, పరిశీలకుడు బాడ్లీ ప్రాణాలతో పట్టుబడ్డారు. విమానం కూడా ఖైదీ అయింది. మరో ఐదు వారాలకు యుద్ధమే ముగిసింది. ఏం దురదృష్టం చూడండి!

బెర్లిన్... క్రాకోవ్... లండన్

గెలిచినవాడు ఓడినవాడి కత్తిని గోడకు తగిలించుకుంటాడు. జర్మన్లు యుద్ధమైతే ఓడారుగానీ, దొరికిన విమానాన్ని మాత్రం పారేయలేదు. 1936లో బెర్లిన్‌లో తెరిచిన పెద్ద విమాన ప్రదర్శనశాలలో దాన్ని నిలబెట్టారు. నిజాం పేరు రాసిన విమానం హిట్లర్ రాజధానిలో! ఏ రచయిత రాసినా 'ఇది కుదరదండీ' అని ప్రొడ్యూసర్ కథ వెనక్కిచ్చేసేవాడు.

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1943లో బెర్లిన్ మీద బాంబుల వాన కురిసింది. ప్రదర్శనశాల కూడా దెబ్బతింది. మిగిలిన విమానాల్లో కొన్నిటిని తూర్పుకు తరలించారు. యుద్ధం అయిపోయాక దేశాల సరిహద్దులే మారిపోయి ఆ చోటు పోలండు అయింది. అలా ఎఫ్ 1010 పోలండు చేతికొచ్చి, చివరికి క్రాకోవ్ నగరంలోని విమాన మ్యూజియంకి చేరింది. అప్పటికి రెక్కల్లేవు. రెక్కలు తెగిన జటాయువులా మొండెం మాత్రం మిగిలింది.

ఇక్కడే సినిమా ప్రవేశిస్తుంది. 1968లో 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్' అనే భారీ యుద్ధచిత్రం షూటింగ్ జరిగింది. దర్శకుడు గై హామిల్టన్. 1969లో విడుదలైంది. కంప్యూటర్ గ్రాఫిక్సు లేని రోజులవి. విమానం కావాలంటే విమానమే తేవాలి! దేశదేశాలు గాలించి పాత స్పిట్‌ఫైర్లూ, హరికేన్లూ పోగుచేశారు. జర్మన్ మెస్సర్‌ష్మిట్లు చాలినన్ని దొరక్క స్పెయిన్ వైమానిక దళం వాడుతున్న బుచోన్ విమానాలు తెచ్చి జర్మన్ గుర్తులు వేశారు. తమాషా ఏమిటంటే ఆ బుచోన్లలో ఉన్నది బ్రిటిష్ రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజను. స్పిట్‌ఫైర్ గుండెకాయ కూడా అదే. అంటే విలన్ వేషం వేసినవాడి లోపల కొట్టుకున్నది హీరో గుండె!

ఆ సినిమాలో నేలమీద కనిపించే వేషం వేసిన స్పిట్‌ఫైర్లలో ఒకదాని నంబరు ఎస్.ఎం. 411. 1977లో బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం ఆ స్పిట్‌ఫైర్‌ని పోలండుకిచ్చి, బదులుగా ఎఫ్ 1010ని తెచ్చుకుంది. తెరమీద నటించిన విమానాన్ని ఇచ్చి, నిజంగా యుద్ధం చేసిన విమానాన్ని తీసుకున్నారన్నమాట. లేని రెక్కలు కొత్తగా కట్టారు, బట్ట బిగించారు, రంగు వేశారు, రాతలు రాశారు. 1980ల మొదట్లో అది లండన్ హెండన్‌లోని మ్యూజియంలో కొలువుతీరింది. పక్కన మళ్ళీ ఆ పేరు... 'హైదరాబాద్ నంబర్ 12ఎ'.

రంగు కనిపెట్టటం ఎలా?

ఇప్పుడు అసలు విద్య దగ్గరకొద్దాం. అరవై ఏళ్ళనాటి విమానం రంగు ఎవడికి తెలుసు? ఫొటోలున్నాయిగా అంటారు. ఉన్నాయి. కానీ ఫొటోలు అబద్ధాలాడతాయి!

ఆ రోజుల్లో వాడిన ఫిల్ముకి ఆర్థోక్రొమాటిక్ అని పేరు. దానికి ఎరుపు కనిపించదు. ఎరుపూ పసుపూ నల్లగా పడతాయి, నీలం తెల్లగా తేలిపోతుంది. మూకీ సినిమాల కాలంలో నటుల ముఖాలకు విడ్డూరమైన రంగులు పూసింది ఇందుకే. పెదవులకు మామూలు ఎరుపు పూస్తే తెరమీద తారు పూసినట్టుండేది మరి! బ్రిటిష్ విమానం మీద ఉండే గుండ్రటి గుర్తు బయట నీలం, మధ్య తెలుపు, నడుమ ఎర్రచుక్క. ఆ ఫిల్ములో నడుమ చుక్క నల్లగా, బయటి నీలం వెలిసిపోయి కనిపిస్తుంది. ఈ రహస్యం తెలీనివాడు ఫొటో చూసి రంగు వేస్తే ఇంకేమైనా ఉందా?

మరో చిక్కు ఒళ్ళంతా పూసే రంగు. మొదటి యుద్ధం నాటి బ్రిటిష్ విమానాలకు పీ.సీ. 10 అనే పూత వేసేవాళ్ళు. పసుపుమట్టిలో దీపం మసి కలిపి చేసిన రంగు అది. ఇంచుమించు మన కాటుక సరంజామాయే! పసుపూ నలుపూ కలిస్తే ముదురాకుపచ్చ వస్తుంది. కానీ దేనితో కలిపారు, ఎన్ని పూతలు వేశారు, ఎన్ని నెలలు ఎండలో నిలబెట్టారు అన్నదాన్నిబట్టి అది గోధుమరంగుకి తిరుగుతుంది. అసలది ఆకుపచ్చా గోధుమా అని తలలు పండినవాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఎన్.టి.ఆర్ గొప్పా, ఏ.ఎన్.ఆర్ గొప్పా అని మన కాలేజీ కుర్రాళ్ళు కొట్టుకున్నట్టే!

మరి తేల్చేదెలా? ఓపిక. పాత రంగుని పొరలు పొరలుగా గీకుతారు. ఒక్కో పొర కింద ఒక్కో యజమాని బయటపడతాడు. ఎక్కడో రేకు మడతలో, చెక్క అతుకులో ఎండ తగలని చోట పాత రంగు పదిలంగా దొరుకుతుంది. ఫ్యాక్టరీ కాగితాలు, స్క్వాడ్రన్ దినచర్య పుస్తకాలు, పైలెట్ల లాగ్‌బుక్కులు వెతుకుతారు. ఒకే విమానం ఫొటోలు రెండు మూడు పక్కపక్కన పెట్టి అక్షరం ఎత్తు ఎన్ని అంగుళాలో కొలుస్తారు. ఇదంతా చూస్తే మనకు డిటెక్టివ్ నవల చదివినట్టుంటుంది.

ఎర్రచుక్క ఎందుకు పోయింది?

గుర్తు చిన్నదే కావచ్చు. కానీ దాని వెనక ప్రాణాలుంటాయి. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ విమానాల మీద ఎర్రటి సూర్యబింబం ఉండేది. బర్మా ఆకాశంలో బ్రిటిష్ విమానం మీది ఎర్రచుక్క చూసి మనవాళ్ళే జపాన్‌వాడనుకుని కాల్చేస్తే? అందుకని మన ప్రాంతంలో తిరిగే విమానాల గుర్తుల్లోంచి ఎరుపు తీసేశారు. నీలం, లేతనీలమే మిగిలాయి. భారత వైమానిక దళం విమానాలకు కూడా అదే గుర్తు. 1944 నాటి బర్మా విమానాన్ని బాగుచేసి ఎర్రచుక్క పెట్టారంటే, శ్రీరాముడి చేతికి రిస్టువాచీ కట్టినట్టే!

స్వాతంత్ర్యం వచ్చాక కొద్దికాలం మన విమానాల మీద అశోకచక్రం ఉండేది. 1950లో రిపబ్లిక్ అయ్యాక ఇప్పుడున్న కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలొచ్చాయి. అంటే గుండ్రటి గుర్తు ఒక్కటి చూసి విమానం ఏ కాలానిదో చెప్పేయొచ్చు. సినిమాలో తప్పు పట్టుకునే సరదా ఉన్నవాళ్ళకు ఇది మంచి చిట్కా. ఈసారి యుద్ధం సినిమాకి వెళ్ళినప్పుడు హీరో మొహంతోపాటు విమానం తోక కూడా ఓసారి చూడండి.

డబుల్ యాక్షన్

అన్ని విమానాలూ ఎఫ్ 1010లా తమ పేరుతోనే ఉండవు. కొన్ని వేరేవాళ్ళ పాత్ర పోషిస్తాయి. పోలండుకెళ్ళిన ఆ సినిమా స్పిట్‌ఫైర్ సంగతే చూడండి. క్రాకోవ్‌లో దానికి పోలిష్ పైలెట్ల 308వ స్క్వాడ్రన్ రంగులు వేసి, మరో విమానం నంబరు టీ.బీ. 995 రాశారు. ఆ స్క్వాడ్రన్ పేరు క్రాకోవ్ స్క్వాడ్రన్. తమ ఊరి వీరుల్ని తలుచుకోవాలని వాళ్ళ కోరిక. సినిమా నటి కదా, ఇంకో వేషం వేయటం దానికి కొత్తేం కాదు!

మన దేశంలోనూ అలాంటిదొకటుంది. 1947 అక్టోబరు 27న మొదటి సిక్కు బెటాలియన్ జవాన్లతో శ్రీనగర్‌లో దిగిన డకోటా విమానం నంబరు వీ.పీ. 905. కాశ్మీర్ కథను మలుపుతిప్పిన రోజది. ఇంగ్లండులో బాగుచేయించిన ఓ పాత డకోటాని రాజీవ్ చంద్రశేఖర్ వైమానిక దళానికి కానుకగా ఇచ్చారు. ఆయన తండ్రి డకోటా పైలెట్. 2018లో అది ఎగురుకుంటూ మన దేశానికొచ్చింది. దాని తోకమీద వీ.పీ. 905 అని రాశారు, 'పరశురామ' అని పేరుపెట్టారు. శ్రీనగర్‌లో దిగిన ఆ విమానం ఇది కాదు, దాని పాత్రధారి. ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. అల్లూరి సీతారామరాజు పాత్ర వేసిన నటుణ్ణి చూసి మనం చేతులెత్తి దండం పెట్టలేదూ? కానీ తెరమీద ఉన్నది కృష్ణగారని మనందరికీ తెలుసు. చెప్పి వేస్తే అది వేషం, చెప్పకుండా వేస్తే మోసం. తేడా అంతే.

ఒకటికి మూడు వేషాలు వేసిన తార కూడా ఉంది. దాని కథ అనంతపురానికి రెండువందల కిలోమీటర్ల దూరంలో, బెంగుళూరులో మొదలైంది. రెండో యుద్ధం అయ్యాక మిత్రదేశాలవాళ్ళు వెళ్ళిపోతూ లిబరేటర్ అనే భారీ బాంబర్లని కాన్పూర్‌లో వదిలేశారు. మళ్ళీ ఎవరికీ పనికిరాకుండా ఇంజన్లలో ఇసుక పోశారు, మీటర్లు పగలగొట్టారు. ఇక తుక్కే అనుకున్నారంతా. బెంగుళూరు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు మాత్రం అలా అనుకోలేదు! ఎగరటానికి వీలుగా అక్కడే అతుకులేసి, టెస్టు పైలెట్ జంషెడ్ మున్షీ ఒక్కొక్కటే బెంగుళూరుకు ఎగరేసుకొచ్చారు. ఫ్యాక్టరీలో సుమారు నలభై విమానాల్ని తిరిగి బతికించారు. 1968 దాకా అవి మన వైమానిక దళంలో పనిచేశాయి. అప్పటికి ప్రపంచంలో మరే దళం దగ్గరా లిబరేటర్లు లేవు. దాంతో విదేశీ మ్యూజియంలు మన దగ్గరకు క్యూ కట్టాయి!

అలా వెళ్ళిన వాటిలో ఒకటి అమెరికాలో మళ్ళీ పూర్తిగా బాగుపడి 1989లో ఎగిరింది. మొదట 'ఆల్ అమెరికన్' పేరుతో, తర్వాత 'డ్రాగన్ అండ్ హిజ్ టెయిల్' పేరుతో, 2005 నుంచి 'విచ్‌క్రాఫ్ట్' పేరుతో మూడు అమెరికన్ విమానాల వేషాలు వేసింది. బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ తుక్కులోంచి ఎత్తి ప్రాణం పోసిన బెంగుళూరు పనివాళ్ళ గుర్తు ఆ మూడు వేషాల్లో ఎక్కడుంది? వాళ్ళే లేకపోతే వేషం వేయటానికి విమానమే లేదు!

కరువు మనకు శాపం, విమానానికి వరం

మరో లిబరేటర్ అమెరికాలో అరిజోనా ఎడారిలోని పీమా మ్యూజియానికి చేరింది. ఎడారికే ఎందుకు? లోహానికి తేమ శత్రువు, ఉప్పుగాలి బద్ధశత్రువు. వానలేని చోట విమానం ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది. అందుకే అమెరికావాళ్ళు వేల విమానాల్ని ఆ ఎండల్లోనే దాచుకుంటారు.

ఏటా 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే అనంతపురం పీఠభూమిలో ఉన్నవాళ్ళకు ఇది వింటే నవ్వూ ఏడుపూ కలిసొస్తాయి. వేరుశనగ ఎండిపోయే గాలి విమానానికి మందట! అదే విశాఖపట్నం సంగతి చూడండి. 29 ఏళ్ళు నౌకాదళంలో పనిచేసిన టీయూ 142 విమానం 2017లో రిటైరై బీచ్‌రోడ్డులో మ్యూజియంగా మారింది. లోపలికెక్కి చూడొచ్చు, చూసి తీరాలి. కానీ సముద్రం ఒడ్డున దాన్ని కాపాడటం అంటే రోజూ ఉప్పుతో యుద్ధమే. రంగు అక్కడ అందం కోసం మాత్రమే కాదు, ప్రాణం కోసం. పైపూత పగిలిందా, లోపలి లోహానికి రోజులు దగ్గరపడినట్టే.

టైటిల్స్‌లో లేని పేర్లు

ఇప్పుడు మళ్ళీ మన హైదరాబాద్ నంబర్ 12ఎ దగ్గరకొద్దాం. దాని పక్కన రాసిన పేరు నిజాంది. రాత సరైనదే. నూటికి నూరుపాళ్ళు చరిత్రే. మరి మొత్తం చరిత్ర అదేనా?

ఆ విమానం ఎగిరిన 1918లోనే మన దేశంలో వానలు దారుణంగా మొహం చాటేశాయి. దక్కనంతా కరువు. దానికి తోడు ఇన్‌ఫ్లుయెంజా జ్వరం వచ్చి దేశంలో కోటిమందికి పైగా చనిపోయారు. నిజాం రాజ్యానికి ముఖ్యమైన రాబడి భూమిశిస్తు. అంటే కానుక ఇచ్చిన చెయ్యి నిజాందైతే, ఆ చేతికి అందించిన చెయ్యి రైతుది. ఆ రైతుకు విమానమంటే ఏమిటో తెలీదు. అది ఏ ఊరి మీద బాంబులేస్తుందో అంతకన్నా తెలీదు.

కథ అక్కడితో ఆగలేదు. రెండో యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరు పెట్టి, దాని చిహ్నంలో నిజాం తలపాగా చిత్రించారు. హరికేన్లు నడిపిన 253వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ స్టేట్ పేరు. ఆ స్క్వాడ్రన్‌లో 1940 ఆగస్టు 30న సామొలిన్‌స్కీ అనే పోలండు పైలెట్ ఓ జర్మన్ విమానాన్ని కూల్చాడు. సరిగ్గా నెల తిరక్కముందే తనూ పోయాడు. అతను ఆ రోజు నడిపిన హరికేన్ పీ 3717 శకలాలు 1990లలో రష్యాలో దొరికితే, బాగుచేసి 2017లో మళ్ళీ ఎగరేశారు. తోకముందు 253వ స్క్వాడ్రన్ అక్షరాలతోనే! అనంతపురం అప్పుడు మద్రాసు రాజధానిలో ఉండేది కదా. ఆ పేరు కూడా పోలేదు. 79, 234, 264 స్క్వాడ్రన్లకు మద్రాస్ ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్లని పేరు. మన జిల్లాల డబ్బు ఇంగ్లండు ఆకాశంలో ఎగిరింది. మన జిల్లాల మనుషుల పేర్లు మాత్రం ఏ రెక్కమీదా పడలేదు.

అయితే ఏం చెయ్యమంటారు? నిజాం పేరు చెరిపేసి రైతు పేరు రాయమంటారా? ససేమిరా వద్దు! 1800లో ఈ సీమను ఇదే నిజాం వంశం ఇంగ్లీషువాళ్ళకు ధారాదత్తం చేస్తే దత్తమండలాలని పేరొచ్చింది. ఆ పేరు మనవాళ్ళకు చిన్నతనంగా తోచి 1928లో నంద్యాల సభల్లో రాయలసీమ అని మార్చుకున్నారు. శభాష్! బతికున్న సీమకు తన పేరు తను మార్చుకునే హక్కుంది. కానీ మ్యూజియంలో నిలబడ్డ విమానం సాక్షి. సాక్షి వాంగ్మూలాన్ని మనకు నచ్చినట్టు దిద్దకూడదు. ఈరోజు నిజాం పేరు దిద్దినవాడు రేపు ఆ రైతు కథ కూడా దిద్దేస్తాడు. రాసినదాన్ని రాసినట్టే ఉంచాలి, రాయనిదాన్ని పక్కన నిలబడి మనం చెప్పాలి.

సినిమాల్లోనూ అంతే కదా. టైటిల్స్‌లో నిర్మాత పేరు పెద్ద అక్షరాలతో పడుతుంది. ఆ డబ్బంతా నేలటిక్కెట్టు కొన్నవాడి జేబులోంచి వచ్చిందే. వాడి పేరు ఏ టైటిల్స్‌లోనూ పడదు. అంతమాత్రాన నిర్మాత పేరు కొట్టేస్తామా? కొట్టెయ్యం. కానీ వాణ్ణి మర్చిపోము.

అనంతపురం, హిందూపురం కుర్రాళ్ళకు ఓ సలహా. లండన్ దూరం, క్రాకోవ్ కూడా దూరమే. బెంగుళూరు మాత్రం పక్కనే. అక్కడ 2001లో తెరిచిన హెచ్.ఏ.ఎల్ మ్యూజియం ఉంది. మన దేశంలో తయారైన మారుత్, అజీత్ లాంటి విమానాలు అందులో నిలబడి ఉన్నాయి. ఈసారి బెంగుళూరుకు సినిమా చూడటానికి వెళ్ళినప్పుడు ఓ పూట అటు వెళ్ళండి. ఫొటో దిగేముందు తోకమీద నంబరు చదవండి, గుండ్రటి గుర్తు చూడండి. ఇది తన పేరుతోనే ఉందా, వేరేవాళ్ళ వేషం వేసిందా అని అక్కడివాళ్ళను అడగండి. ఆ తర్వాత ఇంకో ప్రశ్న కూడా అడగండి... దీన్ని కట్టినవాళ్ళ పేర్లు ఎక్కడ రాశారూ అని!